గానుగలో తూర్పు

మృగశిర కార్తె, మొదటి రోజు

కింద భూమ్మీద ఈపాటికి ఆకుమళ్లు దున్నుతుంటారు. ఇక్కడ కార్తె మారినా గాలిలో తేడా ఉండదు. పంచాంగం చూసి తెలుసుకోవాల్సిందే.

పొద్దున నేను ఎత్తడం నేర్పే బరువుల గది ఊడ్చాను. కడ్డీలు నూనె గుడ్డతో తుడిచాను. గానుగ నిన్నటి నుంచి కొంచెం కిర్రుమంటోంది, మెకానిక్కులకు చెప్పాను.

మేముండేది ఆకాశంలో తిరిగే రాయి మీద, ఇక్కడ దేనికీ బరువు లేదు. మంచు సంచి ఎంత పెద్దదైనా వేలితో లేస్తుంది. ఆపడమే కష్టం. ఎముకలు ఆ తేలికకే అలవాటుపడి గుల్లబారతాయి. అందుకని రాయి కడుపు తొలిచి పెద్ద డొల్ల ఒకటి పెట్టారు. అది ఆగకుండా తిరుగుతుంది. దాని లోపలి గోడ మీద నిలబడితే ఊళ్లో నేల మీద నిలబడ్డంత బరువు. మొదట వచ్చినవాళ్లు దాన్ని గానుగ అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. మంచు తవ్వేది బయట. వండుకునేది, పడుకునేది, బరువులెత్తేది గానుగలో.

ఈరోజు డాక్టర్ వైదేహి గారు ఎముకల పరీక్ష పెట్టారు. తన ఒంటి బరువంత కడ్డీని నేల మీంచి భుజాలకు, అక్కడి నుంచి తల మీదికి ఎత్తి, మోచేతులు బిగించి నిలబడాలి. అందరూ ఎత్తారు. అసిరి ఎత్తలేకపోయింది. భుజాల దాకా వచ్చిన కడ్డీ, తల మీదికి తోసేసరికి ముందుకు పారిపోయి దబ్బున పడింది.

అసిరి ఈ రాయి మీదే పుట్టింది. నేను నడక నేర్పిన పిల్ల, నన్ను అత్తా అని పిలుస్తుంది. కింద పుట్టిన మా ఎముకలు వేరు, వీళ్లవి వేరు. పునర్వసులో ఓడ వస్తుంది. అప్పటికీ ఎత్తలేకపోతే ఆ ఓడలోనే కిందికి పంపేస్తారు. ఇక్కడ ఎముక విరిగితే అతికే ఆసుపత్రి లేదు, రూలు అందుకే. పంపినవాళ్లను మళ్లీ పైకి రానివ్వరు. అసిరి మొగుడు లక్కునాయుడికి ఇక్కడ ఒప్పందం ఇంకా చాలా ఏళ్లుంది.

"అలగ సూస్తావేటి అత్తా, నాను సచ్చిపోనేదు కదా" అంది అసిరి, చేతులు దులుపుకుంటూ.

"మడమ లేచింది" అన్నాను.

"నీకెప్పుడూ మడమలే. మీద మనిసుందో లేదో సూడవు."

మృగశిర కార్తె, నాలుగో రోజు

చోడి (రాగి) మొక్కల ట్రేలకు నీళ్లు పెట్టాక అసిరిని బరువుల గదికి రమ్మన్నాను. రాయి తొలిచినప్పుడు వచ్చే బూడిదరంగు పొడి నేల మీద జల్లాను. ఎత్తి దించాక పక్కకి జరగమని పాదాల అచ్చులు చూశాను. వేళ్ల దగ్గర లోతుగా పడింది. మడమ దగ్గర పొడి అలాగే ఉంది.

పొడి జల్లడం నా తెలివి కాదు. మా గెడ్డవలసలో బడి వెనక రేకుల షెడ్డు ఉండేది. దాని చుట్టూ జీడితోట. రైలు పట్టాల కింద వేసే పాత దుంగలు పరిచి, వాటి మీద మాకు బరువులు నేర్పించేవాడు మా దాలినాయుడు మావ. పొయ్యిలో బూడిద చేటతో తెచ్చి దుంగల మీద జల్లేవాడు. మేం ఎత్తేటప్పుడు మా మొహాలు చూసేవాడు కాదు. దించాక వంగి అచ్చులు చూసేవాడు. మడమ నిండుగా పడితే తల ఊపేవాడు. లేకపోతే, "నువ్వు బరువెత్తనేదే, బరువే నిన్నీడిసినాది" అనేవాడు. ఇంకోటి కూడా చెప్పేవాడు. "సేత్తో ఎత్తకండి. కాలితో నేలని తొక్కండి, అదే లెగుస్తాది."

వాన వస్తే రేకుల మీద చప్పుడుకి ఆయన మాట వినబడేది కాదు. అప్పుడు పుల్ల పెట్టి చూపించేవాడు. పిక్క మీద తగిలితే కడ్డీ ఒంటికి దూరంగా పోతోందని, నడుం మీద తగిలితే వీపు వంగిందని అర్థం. తడిసిన జీడాకుల వాసన, ఇనుము వాసన కలిసి వచ్చేవి. ఇక్కడ కడ్డీ పట్టుకుంటే ఇనుము వాసన ఒక్కటే వస్తుంది.

షెడ్డులో ఎత్తే మనిషి మొహం తూర్పుకే ఉండాలి. ఇనప కడ్డీలు రాకముందు, రాతి గుండ్లు ఎత్తిన కాలం నుంచీ అంతే. పడమటికి తిరిగి ఎత్తేది ఒక్కసారే, ఇక మానేసే రోజున. నడుం పట్టేసిన ఏడాది మావ అలాగే తిరిగాడు. గుండును మోకాళ్ల దాకా లేపాడు, దించాడు, దండం పెట్టాడు. తువ్వాలు భుజాన వేసుకుని జీడితోటలోంచి ఇంటికి పోయాడు. మళ్లీ ముట్టుకోలేదు. అసిరికి ఇది పసితనం నుంచీ చెబుతున్నాను, అన్నం కలిపి పెట్టేటప్పుడు చెప్పే కథల్లో ఒకటిగా.

ఇక్కడికి మొదట వచ్చినవాళ్లు గానుగ తిరిగే వైపునే తూర్పు అనుకున్నారు, భూమి కూడా అటే తిరుగుతుంది కదా అని. బరువుల గదిలో ఆ గోడ మీద సూర్యుడి బొమ్మ వేశారు. దాని వైపు చూసే ఎత్తుతాం.

మృగశిర కార్తె, పదో రోజు

వంటసాలలో కన్నమ్మకు సాయం చేశాను. గానుగలో పోసిన అంబలి తిన్నగా పడదు, పడమటికి వంగి పడుతుంది. చెంబు పైకి ఎగరేస్తే తూర్పుకి పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారం అంబలి కాళ్ల మీదే పోసుకుంటారు. తర్వాత చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. దీన్ని మేం గానుగ తోపు అంటాం. బరువెత్తేటప్పుడూ ఈ తోపు ఉంటుంది. కడ్డీ పైకి లేచేకొద్దీ తూర్పుకి, అంటే మన ముందుకి జరగాలని చూస్తుంది. నడుం బిగించి వెనక్కి లాక్కోవాలి. నేను అందరికీ నేర్పింది అదే. కింద పుట్టిన మా గట్టి ఎముకలకు అది లెక్కే కాలేదు.

అసిరి గిన్నె పట్టుకుని వచ్చింది. కుడి చెయ్యి భుజం దాకా లేవడం లేదు. ఎడమ చేత్తో తింటోంది.

"ఏమైందే?"

"ఏటవుద్ది, వెనక్కి లాగు లాగు అన్నావు, లాగినాను."

పక్కన నీలయ్య ఉన్నాడు, మంచు తవ్వేవాళ్లలో పెద్దవాడు. "ఈ రాతి పిల్లలకి నడుం ఎక్కడుంటాదమ్మా, మెడ కిందన తిన్నగా కాళ్లే" అన్నాడు. బల్ల దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. అసిరి కూడా నవ్వింది. అంబలి సగం వదిలేసి లేచిపోయింది.

వేడినీళ్ల గుడ్డతో భుజానికి కాపడం పెట్టాను. కొన్నాళ్లు ఖాళీ కడ్డీతోనే చేయమన్నాను.

ఆరుద్ర కార్తె, మూడో రోజు

రెండో పరీక్ష. అదే మాదిరిగా పోయింది. ఈసారి కడ్డీతో పాటు మనిషి కూడా ముందుకు పడింది. వైదేహి గారు పరుగున వచ్చి మణికట్టు నొక్కి చూశారు. విరగలేదు.

నన్ను పక్కకి పిలిచారు. "పైడితల్లి గారూ, ఆఖరిసారి ఓడ దిగే ముందు రోజు పెడతాను. అంతకంటే ఆపడం నా చేతిలో లేదు. ఆ అమ్మాయిని మనసు గట్టి చేసుకోమనండి."

సాయంత్రం అసిరి గదికి వెళ్లాను. లక్కునాయుడు బయట పనిలో ఉన్నాడు. కింద ఎలా ఉంటుందో చెబితే భయం తగ్గుతుందనుకున్నాను. మొదటి రోజు ఆకాశం చూస్తే కళ్లు తిరుగుతాయి, నేల చూసి నడవాలి అన్నాను. అంబలి తిన్నగా పడుతుంది అన్నాను. బొబ్బిలి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, పారే గెడ్డ దాటగానే కుడివైపు జీడితోట అన్నాను. షెడ్డు ఉందో లేదో చూడమన్నాను. వాన పడేటప్పుడు వెళ్లమన్నాను.

చెబుతూ చాలాసేపు కూర్చున్నట్టున్నాను. యాభై దాటినవాళ్లు దిగేటప్పటి కుదుపు తట్టుకోలేరని కిందికి పంపరు. నాకు ఆ వయసు ఎప్పుడో దాటింది.

అసిరి లక్కునాయుడి చొక్కాలు మడత పెడుతూ ఉంది.

ఆరుద్ర కార్తె, ఐదో రోజు

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం బరువుల గదిలో మేమిద్దరమే ఉన్నాం. భుజం నొప్పి తగ్గిందంటే సగం బరువు వేయించాను. మూడుసార్లు ఎత్తింది, మూడుసార్లూ కడ్డీ ముందుకే పోయింది. మడమలు అన్నాను. వీపు అన్నాను. చూపు సూర్యుడి మీద పెట్టు అన్నాను.

"నువ్వు నన్ను పంపించీదామనే సూస్తన్నావు" అంది.

"నోరు ముయ్యి."

"మొన్న సెప్పినావు కదా, రైలట, బస్సట, గెడ్డట. నీ కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. నా కోసం కాదవి. నీ ఊరు నాను సూసొస్తే నీ కడుపు నిండుతాదేటి?"

"కింద నీకేం తక్కువవుతుంది? గాలి ఉంది, వాన ఉంది."

"కిందన నాకెవులున్నారు? సెప్పు. ఎవులున్నారు? నా మొగుడు ఇక్కడున్నాడు. మాయమ్మని ఇక్కడ పాతిపెట్టినారు. వాన నాకెందుకు, నాను తడిసినానేటి ఎప్పుడైనా?"

నిజానికి ఆ పిల్ల అన్నదాంట్లో సగం నిజం. పంపాలని అనుకోలేదు. పోతే షెడ్డు చూస్తుంది కదా అని మాత్రం అనుకున్నాను.

అసిరి పూర్తి బరువు వేసింది. వద్దన్నాను. వినలేదు. కడ్డీ చుట్టూ నడిచి అవతలికి వెళ్లి నిలబడింది. సూర్యుడికి వీపు పెట్టింది.

"మీ మావలాగే సేస్తన్నాను. మోకాళ్ల దాకా ఎత్తి దించీసి ఎల్లిపోతాను. మల్ల నన్ను రమ్మనకు."

వంగింది. కోపంలో ఉంది కాబట్టి ఒక్క ఊపున లాగింది. మోకాళ్ల దగ్గర ఆగాల్సిన కడ్డీ ఆగలేదు. తొడలను రాసుకుంటూ పైకి వచ్చింది, భుజాల మీద కూర్చుంది. అసిరి మోకాళ్లు వంగాయి, మళ్లీ నిలిచాయి. కడ్డీ ముందుకు పోలేదు. ఎవరో అవతలి నుంచి ఆమె ఒంటి మీదికి నెట్టినట్టు, అక్కడే ఉంది.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"దించు" అన్నాను. దించింది. వంగి పొడి మీద అచ్చులు చూశాను. మడమలు నిండుగా పడ్డాయి, వేళ్ల కంటే లోతుగా.

ఇందులో వింత ఏమీ లేదు. పైకి లేచేది తూర్పుకి పోతుంది. తూర్పుకి మొహం పెడితే మననుంచి పారిపోతుంది, వీపు పెడితే మన మీదికి వస్తుంది. అంబలి పోసే ప్రతి ఒక్కరికీ తెలిసిందే. ఇన్నేళ్లలో కడ్డీకి అవతలి వైపు నిలబడాలని మా ఎవ్వరికీ తోచలేదు. అటు నిలబడేది మానేసేవాళ్లు కదా.

"ఇంకోపాలి ఎత్తనా?" అంది అసిరి. గొంతులో కోపం లేదు.

వెంటనే సరే అనలేకపోయాను. మావ తువ్వాలు దులిపి భుజాన వేసుకోవడం కళ్లకు కట్టింది. "రేపు చూద్దాం" అన్నాను.

ఆరుద్ర కార్తె, ఆరో రోజు

ఎత్తమన్నాను.

భుజాల దాకా సుఖంగానే వస్తోంది. తల మీదికి తోసినప్పుడు మాత్రం కొత్త చిక్కు వచ్చింది. ఇప్పుడు కడ్డీ వెనక్కి పోతోంది. ఒకసారి తల వెనక నుంచి జారి పడింది. పక్కకి తప్పుకుంది కాబట్టి సరిపోయింది. ముందుకు పోయేదాన్ని ఎలా ఆపాలో నాకు తెలుసు. వెనక్కి పోయేదాన్ని ఆపడం మావ నేర్పలేదు. ఊళ్లో ఆ అవసరం ఎవరికీ రాలేదు.

"ఇప్పుడేటి సేద్దాం?" అంది.

"నాకూ తెలీదే."

"నీకు తెలీదని నువ్వనడం ఇదే మొదలత్తా. నీలయ్య బాబుకి సెప్పాల."

ఆరుద్ర కార్తె, పన్నెండో రోజు

రోజూ పొడి జల్లడం, ఎత్తించడం, అచ్చులు చూడడం. పాదాల మధ్య ఎడం పెంచి చూశాం, లాభం లేదు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి వేసి తోయిస్తే కొంత నయం. చివరికి తేలింది ఇది: వెనక కాలు బాగా దూరంగా వేయాలి, కడ్డీని నడినెత్తి మీదికి కాకుండా నుదుటి మీదికి తోయాలి. మిగతా దూరం గానుగే తెచ్చి పెడుతుంది.

చూడడానికి బాగుండదు. కుంటి కొంగ రెక్క విప్పినట్టుంటుంది. మావ చూస్తే పుల్ల పట్టుకునేవాడు. కానీ రెండు మడమల అచ్చులూ నిండుగా ఉంటున్నాయి. వీపు తిన్నగా ఉంటోంది. భుజం నొప్పి అనడం లేదు.

నీలయ్య తలుపు దగ్గర నిలబడి చూశాడు. "పైడితల్లీ, ఎర్రి గాని పట్టిందేటి? పడమటేపు తిప్పి ఎత్తిస్తావా? ఆ పిల్ల పనైపోనాదని నువ్వే సాటింపు ఏస్తన్నావా?"

"నువ్వూ ఇటు తిరిగి ఓసారి ఎత్తు."

"నా కంఠంలో పానముండగా ఎత్తను" అని వెళ్లిపోయాడు.

వైదేహి గారిని అడిగాను, పరీక్షలో పడమటికి తిరగొచ్చా అని. ఆవిడకు ముందు ప్రశ్నే అర్థం కాలేదు. "మోచేతులు బిగించి కదలకుండా నిలబడాలని ఉందండీ. ఎటు తిరిగి అని ఎక్కడా లేదు. ఎందుకు, ఎవరైనా కాదన్నారా?" అన్నారు.

కాదన్నది మేమే అని చెప్పలేదు.

పునర్వసు కార్తె, ఆరో రోజు

రేపు ఓడ. ఈరోజు ఆఖరి పరీక్ష.

పని మానుకుని చాలామంది వచ్చారు. లక్కునాయుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా దగ్గరికి వచ్చి, "సంచి సర్దీసినాం అత్తా. విప్పడం నీ సేతిలో ఉన్నాది" అన్నాడు. నా చేతిలో ఏమీ లేదన్నాను.

అసిరి కడ్డీ అవతలికి వెళ్లి సూర్యుడికి వీపు పెట్టగానే గదిలో గుసగుసలు లేచాయి. మానేస్తోందనుకున్నారు. ఎవరో అయ్యో అన్నారు. వైదేహి గారు ఎత్తడానికి మూడు అవకాశాలు ఇచ్చారు.

మొదటిసారి భుజాలకు తెచ్చుకుంది, తోసింది. తొందరలో నడినెత్తికి తోసేసింది. కడ్డీ వెనక్కి పోయి పడింది. లక్కునాయుడు తల దించుకున్నాడు.

రెండోసారి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఏదైనా చెప్పాలి. మావ మాటలన్నీ గుర్తొచ్చాయి. వాటిలో చాలావరకు ఇక్కడ పనికిరావు. ఒక్కటి మాత్రం పనికొస్తుందనిపించింది.

"నేలని తొక్కు" అన్నాను.

తొక్కింది. కడ్డీ తొడలు రాసుకుంటూ వచ్చి భుజాల మీద కూర్చుంది. ఊపిరి తీసుకుంది. నుదుటి వైపు తోసి, వెనక కాలు దూరంగా వేసింది. కడ్డీ మెల్లగా వెనక్కి జరిగి తల మీదికి వచ్చి ఆగింది. వెనక కాలు ముందుకు తెచ్చి ముందు కాలి పక్కన పెట్టింది. మోచేతులు బిగిసి ఉన్నాయి. చేతులు వణుకుతున్నాయి, కాళ్లు వణకడం లేదు. వైదేహి గారు చాలు అనేదాకా అలాగే నిలబడింది. అన్న తర్వాత కూడా కాసేపు నిలబడింది.

దించాక లక్కునాయుడి దగ్గరికి పోలేదు. నా దగ్గరికి వచ్చి, "అచ్చులు సూడవేటి?" అంది.

అవసరం లేదన్నాను. కానీ చూశాను.

పునర్వసు కార్తె, ఎనిమిదో రోజు

ఓడ నిన్న వచ్చింది. రేపు పోతుంది. అసిరి సీటు ఖాళీగా పోతోంది. ఆ చోట్లో ఏం పంపాలా అని ఆఫీసులో మాట్లాడుకుంటున్నారు. అసిరి పొద్దున్నే మంచు పనికి వెళ్లిపోయింది.

ఓడలో కొత్తవాళ్లు నలుగురు దిగారు. అంతా కుర్రాళ్లు, మెడలు లావు. మధ్యాహ్నం బరువుల గది చూపించడానికి తీసుకొచ్చారు. అప్పటికి పని నుంచి వచ్చిన అసిరి అక్కడే కడ్డీలు తుడుస్తోంది. వాళ్లలో సూర్నాయుడనే అతను సూర్యుడి బొమ్మ చూడగానే చేతులు రుద్దుకుని, తూర్పుకి మొహం పెట్టి నిలబడ్డాడు. చాలా బరువు వేయించుకున్నాడు.

"బావూ, ఇటు కాదు, అటు తిరుగు" అంది అసిరి.

"పడమటేపా?" అతను నవ్వాడు. "నాను ఇంకా మొదలే ఎట్టనేదు, అప్పుడే మానిపిస్తావేటి అప్పా? మావేపు గుండు ఎత్తీసి ఇంటికెల్లిపోయే రోజునే పడమటేపు తిరుగుతారు."

నా చేతిలో పొడి డబ్బా ఉంది. అక్కడే నిలబడిపోయాను.

"ఏమన్నావు?" అన్నాను.

"అదే పెద్దమ్మా, మావేపు..." అని మళ్లీ చెప్పాడు. ఈసారి కాస్త మర్యాదగా, నెమ్మదిగా చెప్పాడు. నేను వింటూ నిలబడ్డాను. రేకుల కింద మావ అన్నట్టే, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగి అన్నాడు. అతను మావేపు అంటున్నది మా గెడ్డవలస వైపునే.

అప్పటికే అతను వంగి లాగాడు. కింద ఎత్తినట్టే చక్కగా లాగాడు. కడ్డీ ముందుకు ఉరికింది. దాని వెనకే నాలుగు అడుగులు పరిగెత్తి వదిలేశాడు. అది సూర్యుడి గోడకు తగిలి ఆగింది. అసిరి పొట్ట పట్టుకుని నవ్వింది.

కడ్డీ తెచ్చి మళ్లీ మధ్యలో పెట్టాం. అతన్ని అవతలి వైపు నిలబెట్టి, బరువులు తీయించి, నేల మీద పొడి జల్లాను.

ఏ ఊరు బాబూ అని అడగాలనుకున్నాను. గెడ్డ ఇవతలా, అవతలా అని కూడా అడగాలనుకున్నాను. అతను కడ్డీ లాగుతుంటే వంగి పాదాలు చూశాను. మడమలు రెండూ గాలిలో ఉన్నాయి. ముందు వాటిని నేలకు ఆనించమన్నాను.